కాలరు కింద నీలం దారం

సూదమ్మకి అబద్ధమంటే ఒళ్ళుమంట. టైలరు మొహమాటానికి పోయి "రేపటికల్లా ఇచ్చేస్తాను సార్" అన్నాడంటే, వెనక బల్ల దగ్గర గుండీలు కుడుతున్న ఆమె తలెత్తకుండానే "రేపు కాదు, శనివారం రండి" అని వచ్చినవాళ్ళ మొహం మీదే చెప్పేసేది. అలాంటి మనిషి నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్తోంది. ఇల్లు చుట్టి ముందు వైపుకి వచ్చి, తన ఇంటి తలుపు తానే తడుతోంది. తలుపు తీసిన మొగుడికి, నలభై ఆరేళ్ళు కాపురం చేసిన ఆ టైలరుకి, తాను పనిమనిషినని చెబుతోంది.

ఆమెకి అసలు పేరు వేరే ఉంది. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. పెళ్ళయిన కొత్తలో ఒకాయన కోటు పట్టుకెళ్తూ చెయ్యి పొడవైందని గొణిగితే, "కోటు పొడవు కాలేదండీ, మీరు మోచెయ్యి వంచి కొలత ఇచ్చారు" అందామె. ఆయన వెళ్ళాక టైలరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా దగ్గర డబ్బాలో పన్నెండు సూదులున్నాయి. పదమూడోది మాట్లాడుతుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆయనకి సూది అయింది. వీధిలో వాళ్ళు గౌరవంగా ఓ 'అమ్మ' తగిలించారు.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున్న స్నానానికి నీళ్ళు సిద్ధం చేసి పిలిస్తే, టైలరు మంచం మీద కూర్చుని ఆమెను కింది నుంచి పైదాకా చూసి, ఎంతో మర్యాదగా, "ఎవరండీ మీరు?" అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. పెళ్ళినాటి నుంచి 'ఏవే', 'సూదీ' తప్ప మరో పిలుపు ఎరగని నోరు అది. "చాల్లెండి సంబడం. నీళ్ళు చల్లారిపోతున్నాయి, లేవండి" అంది.

ఆయన నవ్వలేదు. చొక్కా రెండు చేతులా దగ్గరికి లాక్కుని గోడ వైపు జరిగాడు. "మా ఆవిడ వచ్చాక చేస్తాను. మీరు వెళ్ళండమ్మా. బాగోదు" అన్నాడు.

రెండు రోజులు ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నెత్తీ నోరూ కొట్టుకుని నేనే మీ సూదినంటే, చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకుని ఏడ్చాడు. మూడో రోజుకి పక్కబట్టలు కంపుకొట్టాయి. ఇక లాభం లేదని ఆమె వెనక నుంచి బయటికి వెళ్ళి, ముందు తలుపు కొట్టి, లోపలికి వస్తూనే అంది. "మీ ఆవిడ పంపిందండీ నన్ను. తను దారాలు కొనడానికి వెళ్ళింది. రావడానికి కాస్త ఆలస్యమవుతుందట. ఈలోగా మీకు స్నానం చేయించి, తినిపించమంది."

టైలరు ఆలోచించాడు. "సూది చెప్పిందా?" అన్నాడు.

"చెప్పిందండీ."

"అయితే సరే. ఆవిడ మాట కాదంటే ఇంకేమైనా ఉందా?" అని లేచి నిలబడ్డాడు.

ఆ సాయంత్రానికే మళ్ళీ మొదటికొచ్చింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ తలుపు తట్టింది. అలా అది రోజూ చేసే పనుల్లో ఒకటైపోయింది, పాలు కాచినట్టు, పక్క దులిపినట్టు.

ఇందులో ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది. పనిమనిషితో టైలరు కబుర్లు చెప్పేవాడు. అవన్నీ పెళ్ళాం గురించే. "మా సూది గుండీకి కాజా కుడితే లోపలా బయటా తేడా తెలీదండీ. నా చేత అవదు అలా. ఆవిడతో అనలేదనుకోండి, అంటే ఇక పట్టపగ్గాలుండవు" అనేవాడు. ఇంకో రోజు గిన్నెలో చెంచా ఆపి, "ఆవిడకి కోపం వస్తే ముక్కు చివర ఎర్రగా అవుతుంది. చూడ్డానికి ఎంత బావుంటుందో. అందుకే అప్పుడప్పుడూ కావాలనే కోపం తెప్పిస్తాను" అన్నాడు. సూదమ్మ మూతి తుడుస్తున్న గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నలభై ఆరేళ్ళలో ఒక్కసారైనా ఈ ముక్క ఈయన నోటి నుంచి ఊడిపడలేదే అని ఉక్రోషం వచ్చింది. దారాలకని వెళ్ళి ఎంతకీ తిరిగిరాని ఆ ఆడదాని మీద కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

కూతురికి ఇదేమీ తెలియదు. ఆ పిల్ల సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగాక యూనిఫాంలోనే వచ్చి ఓ గంట కూర్చుని వెళ్తుంది. తండ్రి "మా సూది అలా అంది, ఇలా అంది" అంటుంటే, "చూశావా అమ్మా, అన్నీ మర్చిపోయినా నాన్న నిన్ను మాత్రం మర్చిపోలేదు" అనేది. సూదమ్మ "ఊఁ" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. కూతురి ముందు ఆయన్ని నేరుగా పలకరించకుండా, ఆయన తనను 'మీరు' అనే అవకాశం రాకుండా చూసుకునేది. బతుకంతా సూటిగా మాట్లాడిన మనిషికి ఈ దాగుడుమూతలు ఎలా వంటబట్టాయో ఆమెకే తెలియదు.

దాచడానికి కారణముంది. రెండేళ్ళ కిందట డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజున, ఆసుపత్రి మెట్ల మీద కూతురి ముందు ఆమె ఒక మాట అంది. "ఆయన నన్ను గుర్తుపట్టినంత కాలం ఎక్కడికీ పంపను. అది కూడా పోయిననాడు మీ ఇష్టం." అప్పుడది ధైర్యంగా అన్న మాట. ఇప్పుడు అదే మెడకి చుట్టుకుంది. ఆయన గుర్తుపట్టడం లేదని ఒప్పుకున్న మరుక్షణం ఆయన ఈ ఇంట్లోంచి వెళ్ళిపోవాలి.

పదిహేను రోజుల కిందట స్నానాల గదిలో టైలరు కాలు జారాడు. పట్టుకోబోయి సూదమ్మ కింద పడింది, ఆయన ఆమె మీద పడ్డాడు. ఆయనకి ఏమీ కాలేదు. ఆమె ఎడమ మణికట్టు విరిగింది. కూతురు వచ్చి తలుపు తీసేసరికి ఇద్దరూ తడి నేల మీద అలాగే ఉన్నారు. లేవలేక గంటన్నర. ఆయన ఆమె తల నిమురుతూ, "కంగారు పడకండమ్మా, మా ఆవిడ వచ్చేస్తుంది, వచ్చి లేవదీస్తుంది" అంటున్నాడు. అదృష్టం బాగుండి బయట కూతురి గొంతు వినగానే ఆపేశాడు.

అప్పటి నుంచి కూతురు ఊరుకోలేదు. తన బస్సు రూటు చివర ఇలాంటి వాళ్ళని చూసుకునే హోము ఒకటుంది. మంచిదే, నలుగురూ మంచిదనే అన్నారు. అక్కడ ఒక మంచం ఖాళీ అయింది. శనివారం మధ్యాహ్నంలోగా సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి. లేదంటే వరసలో తర్వాతి వాళ్ళకి పోతుంది, మళ్ళీ ఎన్నాళ్ళకో.

"నన్ను గుర్తుపడుతున్నారు కదే" అంది సూదమ్మ, కూతురి కళ్ళలోకి చూడకుండా.

"గుర్తుపడితే మాత్రం? నీ రెండో చెయ్యి కూడా విరిగేదాకా ఆగాలా?" అంది కూతురు. మాటలో పదును తల్లి దగ్గర నుంచి వచ్చిందే.

గురువారం నాడు కూతురు వచ్చి తండ్రి దగ్గర కూర్చుంటే, సూదమ్మ లైబ్రరీ మేడ మీది గదికి వెళ్ళింది. ఇంట్లో ఇలాంటి మనిషిని పెట్టుకున్న వాళ్ళు వారానికోసారి అక్కడ చేరతారు. గుండ్రంగా వేసిన కుర్చీలు, మూలన టీ పాత్ర, గోడకి పిల్లలు వేసిన బొమ్మలు. దాన్ని నడిపేది రిటైరైన ఒక నర్సమ్మ. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మొదటి మాట ఒకటే. "పరీక్ష పెట్టకండి. 'నేనెవరు చెప్పు' అని అడగకండి. వాళ్ళకి తెలిస్తే వాళ్ళే చెబుతారు. తెలియకపోతే మీరు అడిగి వాళ్ళని భయపెట్టడమే." సూదమ్మ ఆ మాట ఇరవై సార్లు విని ఉంటుంది, కొత్తవాళ్ళకి తానే చెప్పింది కూడా.

ఆ రోజు నర్సమ్మ చేతుల గురించి మాట్లాడింది. తల మరిచిపోయినదాన్ని చేతులు చాలాకాలం మరిచిపోవట, పట్టుకునేందుకు పాత వస్తువేదైనా ఇమ్మంది. పక్కనే కూర్చున్న లెక్కల మాస్టారు తల ఊపాడు. ఆయన భార్య నోట మాట పోయి ఏడాదైంది. సుద్దముక్క చేతికిస్తే మాత్రం నేల మీద ముగ్గురు పిల్లల పేర్లూ వరసగా రాసిందట. చెబుతూ ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మిగతావాళ్ళకి ఏమనిపించిందో గానీ సూదమ్మ గుండెలో మాత్రం దీపం వెలిగింది. కుర్చీలో కూర్చునే ఇంట్లో బీరువా తలుపు తీసింది, మనసులోనే. అందులో తన నల్లకోటు ఉంది.

ఆ కోటు పన్నెండేళ్ళ కిందట టైలరు ఆమెకి కుట్టాడు. జనానికి కుట్టిన కోట్లకి నల్ల గుడ్డ మీద నల్లదారమే వాడతాడు. ఇంట్లో వాళ్ళకి కుట్టిన వాటికి మాత్రం కాలరు ఎత్తి చూస్తే, ఎవరికీ కనిపించని చోట, నీలం దారంతో మూడు అడ్డకుట్లు ఉంటాయి. ఇంటి గుర్తు అది. ఆ సంగతి ఆయనకీ, ఆమెకీ తప్ప ఎవరికీ తెలియదు. మొహాలు మరిచిపోనీ, పేర్లు మరిచిపోనీ, తన కుట్టు తాను మరిచిపోతాడా?

నర్సమ్మతో ఆమె ఈ మాట అనలేదు. అంటే ఏమంటుందో తెలుసు.

శుక్రవారం పొద్దున్న సూదమ్మ వెనక తలుపు జోలికి పోలేదు. కోటు తీసి దులిపి, ఒంటిచేత్తో తంటాలు పడి తొడుక్కుంది. అద్దంలో చూసుకోలేదు. జుట్టు మాత్రం ఆయనకి ఇష్టమైనట్టు పక్కపాపిడి తీసి దువ్వుకుంది. డెబ్భయ్యో ఏట పెళ్ళిచూపులు అనుకుని తనని తానే వెక్కిరించుకుంది.

ఆ ఇంటి ముందు గదే వాళ్ళ కొట్టు. మూసేసి ఆరేళ్ళయినా ఏదీ కదపలేదు. కిటికీ కింద కుట్టుమిషను, గోడ వారగా గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, దాని మీదుగా గోడకి మేకు, మేకుకి వేలాడే టేపు. బల్ల మీద కొలతల పుస్తకం. టైలరు మిషను ముందు స్టూలు మీద కూర్చుని గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం కింద పీలికను అటూ ఇటూ జరుపుతున్నాడు. గుచ్చుకుంటుందని మిషను సూది ఎప్పుడో తీసేశారు.

ఆమె వెళ్ళి ఆయన ఎదురుగా, కిటికీ వెలుగులో నిలబడింది.

టైలరు తలెత్తాడు. ముందు ఆమె మొహం చూడలేదు, కోటు చూశాడు. స్టూలు వెనక్కి తోసి లేచాడు. దగ్గరికి వచ్చి చేతి అంచు రెండు వేళ్ళతో నలిపి చూశాడు, కాజా మీద గోరు పెట్టి గీశాడు. తర్వాత ఆ చేతులు, అన్నం మెతుకు నోటిదాకా తీసుకెళ్ళడం మరిచిపోయిన ఆ చేతులు, తిన్నగా ఆమె మెడ వెనక్కి వెళ్ళి కాలరు ఎత్తాయి.

"నీలం దారం" అన్నాడు టైలరు. ఆ మొహం పాతికేళ్ళు వెనక్కి పోయింది. "ఇది నేను కుట్టిందే. ఇది మా సూది కోటు."

"అవునండీ" అంది ఆమె. "అవును, సూది కోటే. చూడండి. చూడండి ఒక్కసారి."

ఆయన చూశాడు. కోటు మీద నుంచి మొహం మీదికి వచ్చిన చూపు అక్కడ ఆగింది. ఆగి, మెల్లగా ముడుచుకుంది.

"మీ ఒంటి మీదికి ఎలా వచ్చిందమ్మా ఇది?"



టైలరు కేకలు వెయ్యలేదు. కొట్టుకి వచ్చిన మనిషి మీద ఏనాడూ గొంతు లేపని మనిషి, ఇప్పుడూ లేపలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధ అనిపించింది. తిట్టినా బాగుండేది. "తప్పు కదమ్మా. ఆవిడ ఇంట్లో లేనప్పుడు ఆవిడ బట్ట తొడుక్కోవడం తప్పు కదూ" అన్నాడు, పిల్లలకి చెప్పినట్టు.

ఇక్కడ ఆపి ఉంటే సరిపోయేది. 'పొరపాటైందండీ' అని విప్పేసి, వెనక నుంచి వెళ్ళి ముందు తలుపు తట్టి ఉంటే ఆ పూట గడిచిపోయేది. కానీ ఆమె సూదమ్మ. నర్సమ్మ చెప్పిన ఇరవై సార్లూ గాలికి పోయాయి. "నాదేనండీ ఇది! నేనే సూదిని! నన్ను చూసి చెప్పండి, నేనెవరిని?" అని అరిచేసింది.

ఆయన అదిరిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. బల్ల తగిలింది. తడుముకుంటున్న చేతికి మేకున ఉన్న టేపు దొరికింది. టేపు మెడలో పడగానే టైలరు భుజాలు నిటారుగా అయ్యాయి, భయం పోయింది.

"వాదన ఎందుకమ్మా. టేపు చెబుతుంది. టేపుకి మొహమాటం లేదు" అన్నాడు.

అది కొట్లో ఆయన పాతమాట. ఏటా చలి మొదలవుతుండగా ఆమెను నిలబెట్టి కొలతలు తీసేవాడు. నడుము ఓ అంగుళం పెరిగిందని చదివితే, "మీ టేపు తగలెయ్య, అది కుంచించుకుపోయింది" అనేది ఆమె. "టేపుకి మొహమాటం లేదే" అనేవాడు ఆయన. ఆ కొలతలన్నీ పుస్తకంలో 'సూది' అన్న పేజీలో ఏడాది కింద ఏడాదిగా ఉన్నాయి. టైలరు ఇప్పుడు ఆ పేజీ వెతుక్కోలేదు. వేలు పెట్టి తెరిచిన చోట అదే వచ్చింది.

"చేతులు వదిలెయ్యండి. ఊపిరి బిగబట్టకండి" అన్నాడు.

ముందు భుజం కొలిచాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి టేపు పరిచి, "పదిహేనున్నర" అన్నాడు. పుస్తకం చూశాడు. పదిహేనున్నర. మళ్ళీ కొలిచాడు. వేళ్ళు ఆమె భుజం మీద అలాగే ఉండిపోయాయి. సూదమ్మ కళ్ళు మూసుకుని, పలకండి, పలకండి అని లోపలే బతిమాలింది.

"భుజాలు చాలామందికి ఒకటే ఉంటాయి" అన్నాడు టైలరు.

కోటు గుండీలు విప్పి, టేపు లోపలి నుంచి చుట్టాడు. ఛాతీ. "ముప్ఫై నాలుగు." పుస్తకంలో నలభై. నడుము. "ఇరవై తొమ్మిది." పుస్తకంలో ముప్ఫై ఆరు. ఒక్కొక్కటీ చదివి, పక్కనున్న అంకె మీద వేలు పెట్టి, ఆమెకి చూపించాడు. వాదనలో గెలిచిన గర్వం ఆ మొహంలో ఎక్కడా లేదు. ఆయన టేపు వదిలి, విరిగి కట్టు కట్టిన ఆమె చేతి వంకా, మెడ దగ్గర తేలిన ఎముకల వంకా చూస్తున్నాడు. మనుషుల ఒళ్ళు చూసి సంగతి చెప్పేవాడు ఆయన. అరవై ఏళ్ళు అదే పని.

"మిమ్మల్ని ఇంతలా అరగదీసింది ఎవరమ్మా?" అన్నాడు.

ఆమె మంచి చేత్తో బల్ల పట్టుకుంది.

"కూర్చోండి, కూర్చోండి" అని స్టూలు జరిపాడు. "ఎవరికి చాకిరీ చేస్తున్నారు మీరు?"

"మా ఆయనకండీ" అంది సూదమ్మ. "ఒంట్లో బాగోదు. ఏదీ గుర్తుండదు. ఒంటరిగా వదలడానికి లేదు."

"మీకు సాయం ఎవరూ లేరా?"

"కూతురుంది. ఆయన్ని ఎక్కడైనా చూసుకునే చోట పెడదామంటోంది. నాకే మనసొప్పట్లేదు."

టైలరు తల అడ్డంగా ఊపాడు. "ఆయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు. తెలిస్తే ఏ మొగుడూ ఒప్పుకోడమ్మా ఇలాగ. మా సూది ఇలా అయిపోతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా? నేనే లేచి ఎక్కడికైనా వెళ్ళిపోనూ?" అన్నాడు. తర్వాత చాలా మామూలుగా, గుడ్డ నాణ్యం గురించి చెప్పినట్టు, "పెట్టేయండి ఆయన్ని. మీరు బతకాలి కదా" అన్నాడు.

సూదమ్మ ఏడ్చింది. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే ఏడుపు కాదు, నాలుగు నెలలది ఒకేసారి, ఎక్కిళ్ళు పెట్టి, ముక్కు కారుతూ. టైలరు కంగారుపడి, బల్ల మీది గుడ్డపీలిక తెచ్చి ఇచ్చాడు. ఆమె కాస్త తేరుకునేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత పుస్తకంలో కొత్త పేజీ తీసి, పెన్సిలు నాలికకి అద్దుకుని, పైకి చదువుకుంటూ వంకర అక్షరాలతో రాశాడు.

"ఇంట్లో పనిచేసే అమ్మ. నల్లకోటు. ఛాతీ ముప్ఫై నాలుగు. కొంచెం వదులు ఉంచాలి. కడుపునిండా తింటే మళ్ళీ ఒళ్ళు చేస్తుంది." రాసి, తలెత్తాడు. "మీది మీకు కుట్టిస్తాను. ఇది మాత్రం విప్పి ఇచ్చేయండి. ఆవిడ అడుగుతుంది."

ఆమె విప్పి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమే కాగితం మీద సంతకం పెట్టింది. 'మీరు వీరికి ఏమవుతారు' అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత 'భార్య' అని రాసింది. కూతురు కారణం అడగలేదు. అడిగితే తల్లి మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని దాని భయం.

సోమవారం పొద్దున్న కూతురు ఎవరిదో కారు తెచ్చింది. టైలరుకి చిన్న పెట్టె సర్దారు. నర్సమ్మ సలహా మీద, అక్కడ కొలతలు తియ్యాల్సిన మనుషులు చాలామంది ఉన్నారని చెప్పారు. ఆయన హుషారుగా టేపు మెడలో వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. కత్తెర తీసుకోబోతే కూతురు మాటల్లో పెట్టి తప్పించింది. అంతా సాఫీగానే సాగేలా ఉంది అనుకుంటుండగా గడప దగ్గర ఆగిపోయాడు.

"అందరం వెళ్ళిపోతే ఎలా? మా సూది వస్తే తాళం చూసి ఏమనుకుంటుంది?" అన్నాడు.

"అమ్మ కూడా మనతోనే వస్తోంది కదా నాన్నా. ఇదిగో" అంది కూతురు.

టైలరు కూతురు చూపించిన వైపు చూశాడు. "ఈవిడా? ఈవిడ పనిచేసే అమ్మ. పాపం వాళ్ళాయనకి బాగోదు. ఈవిడ ఎందుకొస్తుంది?" అన్నాడు. శుక్రవారం విన్న ఆ ఒక్క ముక్క ఎలా నిలిచిందో. సూదమ్మ వైపు తిరిగి, "మీరు ఉండగలరా అమ్మా కాసేపు? ఆవిడ వచ్చేదాకా?" అన్నాడు.

కూతురు తల్లి మొహం చూసింది. అందులో ఆశ్చర్యం లేకపోవడం చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?" అంది, పెదవులతోనే. సూదమ్మ చెయ్యెత్తి, తర్వాత అన్నట్టు సైగ చేసింది. దారి పొడవునా ఆయన పక్కన కూర్చుందామని ఆమె మంచి చీర కట్టుకుంది. సంచిలో నీళ్ళ సీసా, ఆయన మందులు, ఆయనకి ఇష్టమని పొట్టు తీసిన నారింజ తొనలు పెట్టుకుంది. ఆ సంచి కూతురి చేతికిచ్చింది.

"ఉంటానండీ" అంది.

"ఎంత ఆలస్యమైనా?"

"ఎంత ఆలస్యమైనా."

టైలరు జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వేళ్ళు మూసి, పైన తట్టాడు. "నేను కావాలని వెళ్ళలేదని చెప్పండి. పని ఉంటే వెళ్ళాను, అంతే. లేకపోతే అలుగుతుంది. కోటు బీరువాలో ఉందని చెప్పండి" అన్నాడు. రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "మీరు మాత్రం వేళకి తినండి."

కారు వీధి మలుపు తిరిగేదాకా సూదమ్మ గడపలో నిలబడింది. వెనక అద్దంలోంచి ఆయన తల కనిపించింది. ఇంటి వైపు చూడటం లేదు. కూతురికి ఏదో చెబుతున్నాడు, చేతులు ఊపుతూ. పెళ్ళాం గురించే అయి ఉంటుంది.

ఆమె లోపలికి వచ్చింది. వెనక తలుపు గడియ చూసింది, అలవాటుగా. ఇక దానితో పని లేదు. కొట్టు గదిలో టేపు లేని మేకు ఒక్కటే గోడకి ఉంది. మిషను ముందున్న స్టూలు తెచ్చి వీధి తలుపుకి ఎదురుగా వేసుకుంది. తలుపు తీసే ఉంచి, తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని, ఇచ్చిన మాట ప్రకారం ఆయన భార్య కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.